బతికొచ్చిన జాంకితో తిరువూరు దారిలో

తిరువూరు చూడ్డానికని ఎవరూ బయలుదేరరు. విజయవాడ నుంచి భద్రాచలం వెళ్ళే బస్సులో కునుకు తీసేవాళ్ళకి అది మధ్యలో ఎక్కడో వచ్చే బస్టాండు. కళ్ళు తెరిచి, "ఏ ఊరొచ్చింది?" అని అడిగి, మళ్ళీ మూసుకుంటారు. నేనూ ఒకటి రెండుసార్లు అలాగే దాటిపోయాను. మొన్న పత్తి తీతల రోజుల్లో మాత్రం పని పెట్టుకుని ఆ ఊరి చుట్టుపక్కల తిరిగి వచ్చాను. ఒక మనిషిని ఇంటికి చేర్చడమే ఆ పని.

ఆ మనిషి పేరు జాంకి. విశాఖపట్నంలో ఎవరూ లేని ఆడవాళ్ళు ఉండే ఒక ఇంట్లో నేను కుట్టుపని నేర్పుతాను. కొన్నేళ్ళ క్రితం జాంకిని రైల్వేస్టేషన్ నుంచి అక్కడికి తీసుకొచ్చారు. అప్పటికి ఆమెకు ఒంటి మీద ధ్యాస లేదు. చెవిలో ఎవరో తిడుతున్నట్టు రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చునేది. ఆసుపత్రిలో మందులు మొదలుపెట్టాక నెమ్మదిగా నిద్ర పట్టింది, తిండి సయించింది, ఆ తర్వాత మాట వచ్చింది. వచ్చిన మాట మాకెవరికీ అర్థం కాలేదు. నాది విజయనగరం. మా వైపు కొండల్లో సవరలు, జాతాపులు తెలుసు గానీ లంబాడీలను నేనెప్పుడూ దగ్గరగా చూడలేదు. అది లంబాడీ భాష అని తెలియడానికే చాలా కాలం పట్టింది. తెలుగులోకి ఆమె తనంతట తనే వచ్చింది. వచ్చిన రోజునే ఊరు చెప్పింది: ఎ.కొండూరు దగ్గర, గుట్ట వెనక తండా.

అటూ ఇటూ కనుక్కుని ఆమె తమ్ముడి నంబరు సంపాదించాం. అతను నేను చెప్పేది సగం విని, "మా అక్క చచ్చిపోయిందండీ. దినం కూడా పెట్టాం. ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యొద్దు" అని పెట్టేశాడు. ఫొటో పంపాం. చూసినట్టు ఫోన్‌లో టిక్కు పడింది, ఆ తర్వాత మా నంబరు బ్లాక్ చేశాడు.

ఆ ఆడవాళ్ళ ఇల్లు నడిపే పెద్దలు కొంతకాలం ఆగుదామన్నారు. జాంకి కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేవకుండానే, "నేను పోతా టీచరమ్మా. ఎవరూ రాకపోతే ఒక్కదాన్నే పోతా. నా పిల్ల ఉంది అక్కడ" అంది. ఆ గొంతు విన్నాక నాకు ఆలోచించడానికేం మిగల్లేదు. డాక్టరు గారు రెండు నెలలకు సరిపడా మాత్రలిచ్చి, ఒక్క రోజు కూడా మానకూడదని నాకు ఒకసారి, ఆమెకు రెండుసార్లు చెప్పారు.

దిగని స్టాపు

విజయవాడ దాకా రైల్లో వెళ్ళి, అక్కడ తిరువూరు బస్సెక్కాం. ఇద్దరం ఎ.కొండూరుకే టికెట్టు తీసుకున్నాం. గంట గడిచిందో లేదో కండక్టరు "కొండూరు, కొండూరు" అని కేక వేశాడు. నేను హడావిడిగా సంచులన్నీ దించి, జాంకి చెయ్యి పట్టుకుని ఫుట్‌బోర్డు మీదికి వచ్చేశాను.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"కొండూరు అన్నారుగా."

"ఇది జి.కొండూరు. మీది ఎ.కొండూరు. మైలవరం దాటాలి. ఎక్కండెక్కండి."

బస్సంతా నవ్వారు. జాంకి కూడా నవ్వింది. ఆమె పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. మైలవరంలో బస్సు కాసేపు ఆగితే మిరపకాయ బజ్జీలు కొన్నాను, ప్లేటు ముప్పై రూపాయలు. మా విశాఖలో బజ్జీని చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇస్తారు. ఇక్కడ వాము మాత్రం పెట్టి వేడివేడిగా చేతిలో పెట్టేశారు. కారానికి నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. జాంకి నాది కూడా తినేసింది.

మైలవరం దాటాక ఆమెకు మాట తగ్గింది. కిటికీ ఊచ పట్టుకుని బయటికే చూస్తోంది. మామిడి తోటలు, మధ్యలో పత్తి చేలు, దూరంగా గుట్టలు. కండక్టరు ఈసారి నా కోసమే గట్టిగా, "ఎ.కొండూరమ్మా!" అన్నాడు.

జాంకి లేవలేదు. కిటికీ ఊచ వదల్లేదు.

"దిగాలి జాంకీ."

"ఇక్కడొద్దు. ముందుకు పోదాం టీచరమ్మా. ఈ రోజొద్దు."

కండక్టరు ఇద్దరి మొహాలూ చూసి విజిల్ వేశాడు. మిగతా దూరానికి టికెట్టు కొట్టి ఇస్తూ, "ఏమైనా గొడవా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. "పుట్టిల్లు" అన్నాను. ఇంకేమీ అడగలేదు.

తిరువూరులో మేడ మీద గది

అనుకోకుండా వచ్చిన ఊళ్ళో బస దొరకడం కష్టమైంది. లాడ్జిలో జాంకి ఆధార్ కార్డు అడిగారు. ఆమెకు కార్డు లేదు. నాది చూపించి, ఆమెకు నేను పూచీ అన్నాను. కౌంటరు దగ్గరి మనిషి మర్యాదగానే, "కుదరదండీ, మాకు ఇబ్బంది" అన్నాడు. రోడ్డు మీద సంచులు పెట్టుకుని, పక్కనున్న కిరాణా కొట్లో మంచినీళ్ళ సీసా అడిగాను. కొట్టు చూసుకునే ఆవిడ పేరు శేషకుమారి. తాతల నాటి వ్యాపారమట. సంగతి విని, "మా మేడ మీద గది ఖాళీగానే ఉందండి. ఆడవాళ్ళేగా, పడుకోండి" అన్నారు. డబ్బులు తీసుకోనన్నారు.

భోజనానికి పక్క సందులోని మెస్సుకు పంపారు. ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర, పులుసు, గడ్డ పెరుగు, వంద రూపాయలు. పులుసు పుల్లగా ఉంటే బెల్లం ముక్క ఉందా అని అడిగాను. మా వైపు బెల్లం వెయ్యని పులుసు పులుసే కాదు. వడ్డించే ఆవిడ ఆశ్చర్యపోయి, "స్వీటు కావాలాండీ? విడిగా తెప్పించమంటారా?" అంది.

గదికి వచ్చి జాంకి మాత్ర వేసుకుంటుంటే శేషకుమారి గారు దుప్పట్లు తెచ్చారు. మాత్రల అట్ట చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. నన్ను బయటికి పిలిచి, "ఇవి ఆవిడకాండీ?" అన్నారు. అవునన్నాను.

"మా తమ్ముడికి కూడా ఇవే." గొంతు బాగా తగ్గించారు. "డిగ్రీ ఫెయిలయిన ఏడాది మొదలైంది. ముందు తాయెత్తులు కట్టించాం. ఎక్కడెక్కడో గుళ్ళలో నిద్ర చేయించాం. ఒకచోట మా కళ్ళముందే వేపమండలతో కొట్టారు. ఇప్పుడు మందులతో బానే ఉన్నాడు, లెక్కలన్నీ వాడే చూస్తాడు. కానీ మందులు ఇక్కడ కొనం. ఖమ్మం వెళ్ళి తెస్తాం. ఊళ్ళో తెలిస్తే మా అమ్మాయికి సంబంధాలు రావు కదండీ."

ఆవిడ చేతిలోని దుప్పట్లు అందుకున్నాను. జాంకి లోపల్నుంచి అన్నీ విన్నట్టుంది. నేను పడుకోబోతుంటే, "వాళ్ళకి మేడ ఉంది, దాచుకుంటారు. మాకు ఒకటే గది, ఎక్కడ దాస్తాం?" అంది.

పెనుగొలను పత్తి చేలో

పొద్దున్నే టిఫిన్ దగ్గర జాంకి, "తండాకి పోయే ముందు పెనుగొలను పోదాం" అంది. ఎందుకని అడిగితే, పెళ్ళికి ముందు నుంచీ తండా ఆడవాళ్ళతో కలిసి అక్కడ పత్తి తీయడానికి వెళ్ళేదట. "అక్కడ రత్తమ్మగారని ఉంది. ఆవిడ నన్ను గుర్తుపడితే తండా కూడా గుర్తుపడుతుంది. ఆవిడే గుర్తుపట్టకపోతే..." వాక్యం పూర్తి చెయ్యకుండా ఇడ్లీ తుంచింది.

పెనుగొలను ఎ.కొండూరుకి పూర్తిగా అవతలి దిక్కు, గంపలగూడెం వెళ్ళే దారిలో. షేర్ ఆటోలో నా ఒళ్ళో ఎవరిదో టిఫిన్ క్యారేజీ, జాంకి ఒళ్ళో ఎవరిదో పిల్ల. చేల గట్టున దిగి నడిచాం. పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. గట్టు మీద కుర్చీ వేసుకుని, తూకం కాటా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. జాంకి ఆగిపోయి, "ఆవిడే" అంది.

రత్తమ్మగారు మమ్మల్ని చూశారు. జాంకి మొహం చూశారు. చటుక్కున చూపు దించి జాంకి కాళ్ళకేసి చూశారు. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా, అది చూస్తున్నారు. జాంకికి మాత్రం తట్టింది. చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, "చూసుకోండి అమ్మగారూ, ముందుకే ఉన్నాయి" అంది.

"ఓసి నీ దుంపతెగ! జాంకీ!" అని లేచారావిడ. కుర్చీ వెనక్కి పడిపోయింది. "నువ్వు పోయావన్నారే! మేమంతా ఏడ్చామే!" జాంకి భుజాలు, చేతులు, జుట్టు తడిమి తడిమి చూశారు. చేలో పనివాళ్ళంతా చుట్టూ చేరారు.

ఇంటికి తీసుకెళ్ళి మజ్జిగన్నం పెట్టారు, నంచుకోవడానికి చల్లమిరపకాయలు. తిన్నాక జాంకి చేలోకి వెళ్ళి మిగతా ఆడవాళ్ళతో పత్తి తియ్యడం మొదలుపెట్టింది. అప్పుడు రత్తమ్మగారు నాకు జరిగింది చెప్పారు.

జాంకి రెండో కాన్పులో బిడ్డ పోయింది. ఆ తర్వాతే మనసు చెదిరింది. తండా వాళ్ళు పూజలు చేశారు, కొన్నాళ్ళు తేరుకున్నట్టే ఉండి మళ్ళీ మొదలైంది. ఒకరోజు ఇంట్లోంచి వెళ్ళిపోయింది. తమ్ముడు కిషన్ బండి మీద ఊరూరా తిరిగి వెతికాడు. కొన్నాళ్ళకు కాలువలో ఒక ఆడమనిషి శవం తేలింది. మొహం గుర్తుపట్టేలా లేదు. వయసూ ఎత్తూ సరిపోయాయి, చేతికి అలాంటి కడియాలే ఉన్నాయి. కిషన్ చూసి, మా అక్కే అన్నాడు. తెచ్చి దహనం చేశాడు. జాంకి భర్త ఆ మరుసటి ఏడే ఇంకో పెళ్ళి చేసుకుని హైదరాబాదు వైపు పనికి వెళ్ళిపోయాడు. కూతురు అనిత మాత్రం అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది.

"ఇది మీరే చెప్పండి తల్లీ. నా నోటితో చెప్పలేను" అన్నారు రత్తమ్మగారు.

దాచి ఉంచడం నా వల్ల కాలేదు. ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడినప్పుడు అంతా చెప్పేశాను. జాంకి అటు తిరిగి నిలబడింది. వీపు మాత్రమే కనబడుతోంది. భర్త సంగతి ఎత్తకుండా, "పిల్ల మా అమ్మ దగ్గరే ఉందా?" అంది.

"ఉంది."

"బడికి పోతోందా?"

"పోతోందట. నాలుగో తరగతి."

పమిట చెంగుతో మొహం తుడుచుకుంది. "అయితే పదండి. ఇంక ఆగేది లేదు."

గుట్ట వెనక తండా

తిరువూరు మీదుగా వెనక్కి వచ్చి, ఎ.కొండూరు అడ్డరోడ్డులో ఇంకో ఆటో మాట్లాడుకుని తండా చేరేసరికి ఎండ వాలుతోంది. సిమెంటు ఇళ్ళు, మధ్యమధ్య రేకుల కప్పులు, దాదాపు ప్రతి గుమ్మం ముందూ ఒక మేక. పడుచు ఆడవాళ్ళంతా మామూలు చీరల్లోనే ఉన్నారు. అద్దాలు కుట్టిన పాత పావడాలు ముసలమ్మల మీదే కనబడ్డాయి.

మొదట పిల్లలు చూశారు. వాళ్ళ కేకలకు ఆడవాళ్ళు వచ్చారు. గుంపులోంచి ముప్పై ఏళ్ళ మనిషి ఒకడు ముందుకొచ్చి మా దారికి అడ్డంగా నిలబడ్డాడు. అతనే కిషన్ అని జాంకి గట్టిగా ఊపిరి పీల్చడంతో తెలిసింది.

"ఫోన్‌లో చెప్పాను కదండీ రావొద్దని" అన్నాడు నాతో. అక్కవైపు చూడ్డం లేదు.

"నీ అక్క కదయ్యా. చూడు ముందు."

"చూశానండీ. ఫొటోలో చూశాను. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. నేనే చెప్పాను మా అక్కేనని. నా చేత్తోనే నిప్పు పెట్టాను. ఈవిడ మా అక్కయితే మరి అదెవరు? ఎవర్ని కాల్చాను నేను? చెప్పండి మేడమ్, అదెవరు?"

అతను అక్కను వద్దంటున్నాడనుకుని, దారంతా కోపం పెంచుకుంటూ వచ్చాను. ఆ కోపం అక్కడే చల్లారిపోయింది.

అప్పుడు సక్రూ భగత్ వచ్చాడు. తండాలో దేవత పూజలు చేసే పెద్దను భగత్ అంటారు. జ్వరమొచ్చినా, దడుచుకున్నా, మనసు బాగోకపోయినా ముందు ఆయన దగ్గరికే వెళతారు. తెల్ల తలపాగా, చేతిలో కర్ర, చెవులు కాస్త మందం. వెనకాలే జాంకి తల్లి ధర్మి పరుగున వస్తోంది. ఆయన కర్ర అడ్డం పెట్టి ఆపాడు.

"ముట్టుకోకు. దినం పెట్టిన మనిషి. ముందు దేవతకి చెప్పాలి. రేపు పొద్దున చెబుతాను. అందాకా ఎవరూ ముట్టుకోవద్దు."

నేను నోరు తెరవబోయేంతలో ధర్మి ఉన్నచోటే నేలమీద కూలబడింది. పైట తలమీదికి లాక్కుని ఏడవడం మొదలుపెట్టింది. మామూలు ఏడుపు కాదది. మాటలున్నాయి, రాగముంది, ఒక చరణం ముగిసి ఇంకో చరణం ఎత్తుకున్నట్టుంది. ఎవరో పోయినప్పుడు ఏడ్చే పాటేమో, కూతురి ఎదుటే ఆమె చావుకు ఏడుస్తోందేమో అనుకున్నాను. జాంకికి మళ్ళీ పాత జబ్బు తిరగబెడుతుందని భయపడి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి విడిపించుకుంది. తల్లికి కొంచెం ఎడంగా తనూ నేలమీద కూర్చుంది. తల్లి ఒక వరుస పాడి ఆగగానే, అదే రాగంలో జవాబు ఎత్తుకుంది.

పక్కనున్న పెద్దావిడ నాకు తెలుగులో చెప్పింది. చాలాకాలం కనబడని చుట్టాలు ఎదురుపడినప్పుడు తమ ఆడవాళ్ళు ఇలాగే ఏడుస్తారట. మామూలుగా ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడవాలి. ఇప్పుడు ముట్టుకోకూడదు కాబట్టి ఎడంగా కూర్చున్నారు. "తల్లి అడుగుతోంది, ఏ ఊరు పోయావు బిడ్డా, ఏం తిన్నావు, ఎవరు నీళ్ళు పోశారు అని. బిడ్డ చెబుతోంది."

"ఏం చెబుతోంది?"

"సముద్రం పక్కన ఉన్నానంది. మిషన్ కుట్టానంది. ఎవరో అమ్మ తలకి నూనె రాసిందంది."

ఆ తలకి నూనె రాసింది నేనే. మా వైపు అయినవాళ్ళు వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చి, కుర్చీ వేసి, ప్రయాణం ఎలా జరిగిందని అడుగుతాం. ఇన్నేళ్ళ సంగతి చెప్పుకోవడానికి మాకు ఇలాంటి దారి ఒకటి ఉందా అని ఆలోచిస్తే ఏమీ గుర్తుకు రాలేదు.

పాట ఆగేసరికి తండాలో అనుమానం మిగల్లేదు. దయ్యాలు ఆ పాట పాడలేవని ఎవరో అన్నారట, నవ్వులు వినబడ్డాయి. కిషన్ మాత్రం అక్కడ లేడు. ఒక పిల్ల నీళ్ళ కుళాయి దగ్గర గోడకు ఆనుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని జాంకినే చూస్తోంది. జాంకి, "అనితా" అని పిలిచింది. పిల్ల గోడ చాటుకు తప్పుకుంది.

మాత్ర సంగతి

మమ్మల్ని అంగన్‌వాడీ గదిలో ఉంచారు. చీకటి పడకముందే జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల కారం వచ్చాయి. వెంటనే సక్రూ భగత్ కూడా వచ్చాడు. పూజకు ముందు జాంకి ఏమీ తినకూడదన్నాడు. అది పర్వాలేదు. బయటి మందులు కూడా వేసుకోకూడదన్నాడు. ఇప్పుడే కాదు, పూజ అయ్యాక కూడా కొన్నాళ్ళపాటు.

"కుదరదండీ" అన్నాను.

ఆయన వినబడనట్టు చెయ్యి చెవికి పెట్టాడు. గట్టిగా అన్నాను. "కుదరదు. ఒక్క పూట కూడా మానడానికి వీల్లేదు. మీరు పూజ మానేసినా సరే, మాత్ర మానదు. అవసరమైతే వెనక్కి తీసుకెళ్ళిపోతాను."

గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు గుసగుసలాడారు. పరాయి ఊరు నుంచి వచ్చిన మనిషి భగత్‌తో అలా మాట్లాడడం వాళ్ళకు నచ్చలేదు. నచ్చదని నాకు తెలుసు. చెయ్యగలిగింది లేదు. భగత్ మొహం గట్టిపడింది.

జాంకి లేచి సంచిలోంచి మాత్రల అట్ట తీసింది. నన్ను గానీ ఆయన్ను గానీ అడగలేదు. ఒకటి విప్పి, అందరి ముందూ నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. అప్పుడు ఆయనతో తెలుగులోనే మాట్లాడింది. నాకు అర్థం కావాలనే అలా మాట్లాడిందనుకుంటాను.

"తాతా, బిడ్డ పోయినప్పుడు నువ్వు నా చేతికి తాడు కట్టావు. అమ్మ, పిన్నమ్మలు అందరూ నా చుట్టూ కూర్చున్నారు. ఆ కొన్నాళ్ళూ నాకు భయం లేదు. కానీ చెవిలో తిట్లు ఆగలేదు తాతా. నీకు చెప్పడానికి సిగ్గేసి చెప్పలేదు. ఈ మాత్ర వేసుకున్నాక ఆగాయి. అక్కడ ఇది ఉంది గానీ నా మనుషులు లేరు. నాకు రెండూ కావాలి. తాడు కట్టు. ఇది కూడా వేసుకుంటా. ఒకటే ఉంటే నేను బతకలేను."

భగత్ అట్ట అడిగి తీసుకున్నాడు. వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"రోజూ వెయ్యాలా?"

"రోజూ" అన్నాను.

"ఎవరిస్తారు?"

"ఎవరివ్వడమేంటి, తనే వేసుకుంటుంది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఒక్కతే వేసుకుంటే మొయ్యలేదమ్మా. ఒకరోజు విసుగొస్తుంది, పారేస్తుంది. ఇంట్లో మనిషి చేత్తో ఇవ్వాలి. ధర్మి ఇస్తుంది. ధర్మి ఊరెళితే పక్కింటివాళ్ళు ఇస్తారు. దేవతకి చెప్పి వేసుకోవాలి. దొంగచాటుగా వద్దు." అట్టను నాకు కాదు, గుమ్మంలో ఉన్న ధర్మికి అందేలా గడప మీద పెట్టాడు. ఆమె దాన్ని కొంగున కట్టుకుంది.

మేడ మీద గది బయట శేషకుమారి గారు చెప్పిన ఖమ్మం ప్రయాణాల సంగతి గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్న

చచ్చిపోయిందనుకున్న మనిషి తిరిగి రావడం ఆ తండాలో ఇంతకుముందెప్పుడూ జరగలేదట. కాబట్టి దానికి పద్ధతంటూ ఏదీ లేదు. సక్రూ భగత్ రాత్రంతా ఆలోచించి, పుట్టిన బిడ్డకు చేసే వేడుకనే ఆమెకు చేద్దామని తేల్చాడు. ఆడవాళ్ళు నీళ్ళు కాచి ఇస్తే జాంకి తనే తలంటుకుంది. ధర్మి కొత్త చీర తెచ్చింది. దేవత గుడి ముందు పిడకల నిప్పు చేశారు.

అందరూ కూర్చున్నాక భగత్, "కిషన్ ఎక్కడ?" అన్నాడు. ఎవరో వెళ్ళి తీసుకొచ్చారు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భగత్ అతన్ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. చేతికి నెయ్యి గిన్నె, బెల్లం ఇచ్చాడు.

"ముందు ఆ అమ్మాయికి వెయ్యి" అన్నాడు.

"ఏ అమ్మాయికి?"

"కాలువ అమ్మాయికి. ఎవరి బిడ్డో, ఏ తండాదో, ఏ ఊరిదో మనకి తెలీదు. దిక్కులేకుండా పోవాల్సింది. నువ్వు తమ్ముడివయ్యి సాగనంపావు. తండా అంతా ఏడ్చింది ఆమెకి. దినం భోజనం పెట్టాం. అందులో తప్పేముందిరా? ఇప్పుడు ఇంకోసారి పెట్టు. పెట్టి, నీ అక్కని పిలుచుకో."

కిషన్ నెయ్యి, బెల్లం నిప్పులో వేశాడు. మంట ఒక్కసారిగా లేచింది. అతను తల రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. భగత్ అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు, అంతే. ఎంతసేపైనా ఎవరూ తొందరపెట్టలేదు. వచ్చే ముందు రోగి జాంకి ఒక్కతే అనుకున్నాను.

తర్వాత ధర్మి జాంకి నాలుక మీద బెల్లం పెట్టింది. భగత్ ఆమె చేతికి తాడు కట్టాడు. పేరు పెట్టి పిలవాల్సింది ఎవరని అడిగితే కిషన్ లేచి నిలబడ్డాడు. "జాంకీ" అన్నాడు. రెండోసారి గట్టిగా. మూడోసారికి తండా మొత్తం పిలిచింది. అప్పుడు ఒక్కసారిగా ఆడవాళ్ళంతా ఆమె మీద పడ్డారు. ఆ గుంపులో ఆమె నాకు కనబడలేదు.

మధ్యాహ్నం బెల్లంతో చేసిన గోధుమరవ్వ పాయసం, మేక మాంసం, రొట్టెలు. నాకు మాంసం అలవాటు లేదని తెలిసి ప్రత్యేకంగా పప్పు వండారు. తింటున్నంతసేపూ జాంకి కళ్ళు ఒకవైపే ఉన్నాయి. అనిత తన ఈడు పిల్లలతో దూరంగా కూర్చుంది. తల్లి పంపిన పాయసం గిన్నెను తీసుకోలేదు. అమ్మమ్మ బతిమాలితే లేచి వెళ్ళిపోయింది.

బయలుదేరేటప్పుడు జాంకితో, "పిల్ల గురించి దిగులు పెట్టుకోకు" అన్నాను. నాకే దిగులుగా ఉంది.

"దాన్ని వదిలేసి పోయింది నేనే కదా టీచరమ్మా. జబ్బని దానికెట్టా తెలుస్తుంది? దాని కోపం దాన్ని పడనీ." తాడు కట్టిన చేత్తో నా సంచి అందుకుని ఆటోలో పెట్టింది. "నేనెక్కడికీ పోను. రోజూ కనబడుతుంటా. ఎన్నాళ్ళు రాదో చూస్తా."

తిరిగి వస్తూ

జాంకి మాత్రలు అయిపోయాక ఏం చెయ్యాలో చూసుకోకుండా విశాఖ బస్సెక్కడానికి మనసొప్పలేదు. మళ్ళీ తిరువూరు వెళ్ళాను. ముందు ప్రభుత్వాసుపత్రిలో అడిగాను. ఈ మందులు అక్కడ ఎప్పుడూ ఉండవన్నారు, కావాలని పైవాళ్ళకు రాసి పెడతామన్నారు. మందుల షాపుల్లో ఎవరూ అడగరు కాబట్టి తెప్పించడం లేదన్నారు. అడిగేవాళ్ళుంటే తెప్పిస్తారా అంటే, "ఒక్కరి కోసం అంటే కష్టమమ్మా. ఇద్దరు ముగ్గురుంటే చూద్దాం" అన్నాడు షాపతను.

కిరాణా కొట్టుకు వెళ్ళి శేషకుమారి గారికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ వింటూ వింటూ కందిపప్పు తూస్తున్న చెయ్యి ఆపేశారు. భగత్ దొంగచాటుగా వద్దన్నాడని చెప్పినప్పుడు తల తిప్పుకున్నారు. నేను షాపు సంగతి కూడా చెప్పి, ఇంకేమీ అడగకుండా ఊరుకున్నాను. అడిగే హక్కు నాకు లేదు.

ఆవిడ తూకం వదిలేసి లోపలికి వెళ్ళి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మనిషి. "పద" అన్నారు అతనితో. ముగ్గురం నడిరోడ్డు మీద నడుచుకుంటూ మందుల షాపుకు వెళ్ళాం. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు. శేషకుమారి గారి మొహానికి చెమట పట్టింది గానీ ఆగలేదు. కౌంటరు దగ్గర ఆవిడ గొంతు కొంచెం ఎక్కువే పెద్దదైంది. "ఇవి మా తమ్ముడికి. నెలనెలా కావాలి. తండాలో ఒకావిడకి కూడా. తెప్పించండి" అన్నారు. షాపతను చిన్న పుస్తకంలో రాసుకుని, "సరేనండి, సోమవారానికి వస్తాయి" అన్నాడు. అంతే. భూమి బద్దలవలేదు. ఆవిడ తమ్ముడు నా వైపు చూసి, "టీ తాగుదామా అండీ?" అన్నాడు. అతని నోటి నుంచి నేను విన్న మొదటి మాట అదే.

ఇది జరిగి కొన్ని వారాలైంది. జాంకి పెనుగొలనులో పత్తి తీతకు వెళుతోంది. కిషన్ బండి మీద దింపి వస్తున్నాడట. ఇప్పుడు నిద్ర పడుతోందా అని అడిగితే, "గురక పెడుతున్నాడు, మేమే నిద్రపోవట్లా" అంది. వారానికోసారి అతని ఫోన్ నుంచే నాకు ఫోన్ చేస్తుంది. ప్రతిసారీ ముందు మాత్ర సంగతి అడుగుతాను. పిల్ల సంగతి నేనై అడగను.

మొన్న ఫోన్ చేసినప్పుడు తనే చెప్పింది.

"నిన్న బడికి టైమవుతుంటే అమ్మ మేకల దగ్గర ఉంది. అనిత దువ్వెన పట్టుకొచ్చి నా ముందు కూర్చుంది టీచరమ్మా. ఏం మాట్లాడలా. రెండు జడలు వేశా."

"మరేమంది?"

జాంకి నవ్వింది. జి.కొండూరు బస్సులో నవ్విన దానికంటే పెద్దగానే నవ్వింది.

"గట్టిగా లాగావని తిట్టింది."